25 వాట్ల మోటరు మన ట్యాంకు నింపదు

మొన్న హాలియా దిక్కు నుంచి ఒక పాత గిరాకీ వచ్చి కౌంటర్ మీద ఫోన్ పెట్టిండు. "ఏందన్నా, ఇన్నేండ్లు మమ్ముల ముంచినవా?" అన్నడు. అదే వీడియో పది రోజుల్ల నాకు ఏడెనిమిది మంది పంపిండ్రు. నల్లగొండల మోటర్లు అమ్మి, వైండింగ్ చేసి బతికేటోన్ని. జవాబు చెప్పక తప్పదు.

వీడియోల ముచ్చట ఇది. చలిదేశంల ఉంటున్న ఒక తెలుగు పిలగాడు తను ఉండే ఇంటి సెల్లార్ల నిలబడి, గోడ మీది పైపుకు పిడికిలంత పంపు ఉంటే చూపిస్తడు. వేడినీళ్లను మూడంతస్తుల గదులకు తిప్పి ఇల్లంతా వెచ్చగ ఉంచేది అదేనంట. దాని మీద 25-60 అని రాసి ఉంటది. "25 వాట్లు! మన దగ్గర 1 హెచ్‌పీ, అంటే 746 వాట్లు అంటగడుతున్నరు. ఇది దోపిడీ" అంటడు. ఇంక మూడు సలహాలు: బీఎల్‌డీసీ మోటరు (బ్రష్‌లు లేకుండ, వేగం మార్చుకుంట తిరిగేది) పెడితే బిల్లు పదో వంతు అయితది, ఫైవ్ స్టార్ ఉంటే ఇంకేం చూడొద్దు, పైపు సన్నగ ఉంటే నీళ్లు జోరుగ ఎక్కుతయి.

పిలగాడు చూపించింది నిజమే, దాని మీద చెప్పిందే తప్పు.

25 అంటే వాట్లు కాదు. ఆ పంపు బిగించే పైపు సైజు, మిల్లీమీటర్లల్ల. 60 అంటే 60 డెసీమీటర్లు, అంటే ఆ పంపు మహా అయితే 6 మీటర్ల ఎత్తు తోస్తది. కరెంటు తక్కువే తాగుతది, అది అబద్ధం కాదు. మరి 6 మీటర్లది మూడంతస్తులకు ఎట్ల ఎక్కిస్తుంది?

అసలు అది ఎక్కిస్తలేదు, తిప్పుతున్నది. పాత చేదబావి గిలక యాదికి తెచ్చుకోండ్రి. తాడుకు ఒక దిక్కే బొక్కెన ఉంటే నీళ్ల బరువంతా మన చేతుల మీదనే. రెండు దిక్కుల రెండు నిండు బొక్కెనలు కడితే, ఒకటి దిగుతుంటే ఇంకోటి ఎక్కుతది, మనం గిలక రాపిడి వరకు లాగితే చాలు. చలిదేశపు ఇండ్లల్ల నీళ్లు మూసిన పైపుల చుట్టు తిరిగొస్తయి. పైకి పోయే నీళ్ల బరువును కిందికొచ్చే నీళ్లే మోస్తయి. పంపుకు మిగిలేది పైపుల రాపిడి ఒక్కటే.

మన ట్యాంకుకు అట్ల దిగొచ్చే బొక్కెన లేదు. సంపు నుంచి రెండో అంతస్తు మీది ట్యాంకుకు, రాపిడి కలుపుకొని 15 మీటర్లనుకుందాం. 1000 లీటర్లు ఎక్కాలంటే ఎంత గొప్ప యంత్రమైనా 0.04 యూనిట్ కంటే తక్కువల కాదు. మన చిన్న పంపులల్ల లాగిన కరెంటుల నాలుగో వంతు నీళ్లకు ముడితే గొప్పే. ఆ లెక్కన 25 వాట్లతోని ట్యాంకు నిండాలంటే ఆరు గంటలు దాటుతది. వీడియోల పంపైతే ఆరు రోజులు పెట్టినా చుక్క పడదు. 6 మీటర్ల కాడ నీళ్లు నిలబడిపోతయి.

బీఎల్‌డీసీ సంగతి. అక్కడ అది బంగారమే. ఆ పంపులు చలికాలమంతా నెలల తరబడి తిరుగుతయి. గదులు వెచ్చబడ్డంక వేగం తగ్గించుకుంటయి. అట్లాంటి చుట్టుల వేగం సగమైతే కరెంటు ఎనిమిదో వంతుకు పడిపోతది. అందుకే యూరప్‌ల దీని మీద చట్టమే తెచ్చిండ్రు: పంపు సామర్థ్య సూచిక 2013 నుంచి 0.27, 2015 ఆగస్టు నుంచి 0.23 దాటొద్దు. సూచిక ఎంత తక్కువుంటే పంపు అంత మంచిది.

మన దగ్గర వేగం సగం చేస్తే పంపు తోసే ఎత్తు నాలుగో వంతైతది. 20 మీటర్లు తోసేది 5 మీటర్లకొస్తది. మోటరు తిరుగుతుంటది, కరెంటు కాలుతుంటది, ట్యాంకుల నీళ్లు పడవు. ఇంక బిల్లు చూద్దాం. 1 హెచ్‌పీ మోటరు సుమారు 1 కిలోవాట్ లాగుతది. రోజుకు అరగంట నడిస్తే నెలకు 15 యూనిట్లు. బీఎల్‌డీసీ మోటరు అందుల మూడో వంతు మిగిల్చినా 5 యూనిట్లే. ఆ పైసలు ఫ్యాన్ల మీద పెట్టండ్రి. దినమంతా తిరిగేవి అవి.

స్టార్ల కాడ కొంచెం ఆగాలె, మా గిరాకీలు మునిగేది ఇక్కడనే. స్టార్ ఇచ్చేది ఆ పంపుకు రాసిన ఎత్తు కాడ, ఆ నీళ్ల కాడ కొలిచి. 90 మీటర్ల బోరు పంపును 30 మీటర్లకు వాడితే స్టార్లు అట్టపెట్టె మీదనే మిగులుతయి. ఎత్తు తగ్గితే అది నీళ్లు ఎక్కువ తోడుతది, ఆంప్స్ ఎక్కువ గుంజుతది, ఆఖరికి వైండింగ్ కాలి నా కాడికొస్తది. అన్నిటికన్న ముందు మన బోర్లు గ్రానైట్ రాయిల ఉన్నయి. పగుళ్లల్ల ఊరేదే నీళ్లు. బోరు అర ఇంచు పోస్తుంటే ఇంచున్నర గుంజే మోటరు దించితే పావు గంటల గాలి కక్కుతది, నీళ్లు లేక బుష్‌లు అరుగుతయి. పాలమూరు దిక్కు కూడ ఇదే కథ.

అందుకని హెచ్‌పీ అడగకముందు నీళ్ల మట్టం చెప్పండ్రి, అదీ మే నెలది. మోటరు బయటికి గుంజినప్పుడు ఎన్ని పైపులు తడవలేదో లెక్కపెడితే తెలుస్తది. ఇనుప పైపైతే ఒక్కోటి 20 అడుగులు. 250 అడుగుల కాడ నీళ్లుంటే అది 76 మీటర్లు. దానికి మిద్దె ఎత్తు, రాపిడి కలుపుకుంటే 90 దాటుతది. ఆ అంకె నేమ్ ప్లేట్ మీది హెడ్ రేంజ్ (పంపు తోసే ఎత్తుల హద్దులు) నడిమిట్ల పడాలె, అంచుల మీద కాదు. బోరు సబ్‌మెర్సిబుల్‌కు ఐఎస్ 8034 (ఐఎస్ అంటే మన దేశపు ప్రమాణం), సంపుల నీళ్లను తనే గుంజుకునే చిన్న సెల్ఫ్ ప్రైమింగ్ పంపుకు ఐఎస్ 8472 ఉన్నదా అని కూడ చూడండ్రి. కృష్ణ నీళ్లు సంపుల పడుతుంటే అవే ట్యాంకుకు ఎక్కియ్యండ్రి. అదే 1000 లీటర్లను బోరు నుంచి నేరుగ ఎక్కిస్తే ఆరింతల పని.

సన్న పైపు మాటకు ఒక్క ముక్క చాలు. అవే నీళ్లు పోవాలంటే ముప్పావు ఇంచు పైపుల రాపిడి ఇంచు పైపు కంటే సుమారు నాలుగింతలు. కొనకు చెయ్యి పెడితే జోరుగ తగులుతది, ట్యాంకు మాత్రం ఆలస్యంగ నిండుతది.

ఇదంతా చెప్పినంక హాలియా ఆయన ఫోన్ జేబుల పెట్టుకొని, "మరి నా సంపుకు 1 హెచ్‌పీ ఎందుకిచ్చినవే?" అన్నడు. పాత బిల్లు బుక్కు తీసి చూసిన. ఆయనది ఒక్క అంతస్తు ఇల్లు. అర హెచ్‌పీ సరిపోయేది. ఆ రోజు నేను ఎత్తు అడగలే, ఆయన చెప్పలే. "ఇప్పుడున్నది కాలేదాంక వాడుకో, కాలినంక అరది తీస్కపో" అన్న.