24 రెట్లు పెద్దగా చూపే చవక రైఫిల్ స్కోప్ గారికి

మహారాజశ్రీ స్కోప్ గారికి నమస్కారాలు.

నిన్న షూటింగ్ రేంజ్‌లో మధ్యాహ్నమంతా తమరు నా చేత డబ్బాడు తూటాలు కాల్పించి, టార్గెట్ కాగితాన్ని జల్లెడ చేసి ఇంటికి పంపారు కదా, దాని గురించే ఈ ఉత్తరం.

మొదటి తప్పు నాదే. అదే డబ్బుకి పక్కనే 3-9×40 ఒకటి ఉంది (3 నుంచి 9 రెట్లు పెద్దగా చూపుతుంది, ముందు గాజు వెడల్పు 40 మిల్లీమీటర్లు), నల్లగా, సాదాసీదాగా. దాన్ని కాదని తమరి 6-24×50 హోదా చూసి మనసు పారేసుకున్నాను. 50ని 24తో భాగిస్తే నా కంటికి చేరే వెలుగు చుక్క రెండు మిల్లీమీటర్ల చిల్లరేనని అప్పుడు తోచలేదు. పొద్దు వాలగానే తమరిలోంచి చూస్తే మసిబట్టిన లాంతరు గాజులోంచి చూసినట్టే. గురి గీతలకి ఆ ఎర్ర లైటూ పచ్చ లైటూ ఎందుకో ఇప్పటికీ తెలీదు. తమరిని రైఫిల్‌కి బిగించడానికి పెట్టెలో ఉచితంగా వచ్చిన రింగుల మరలు మొదటి బిగింపుకే అరిగిపోయాయి. సరే, ఉచితం కాబట్టి మాట్లాడను.

కానీ ఆ క్లిక్కుల సంగతి మాత్రం వదలను.

100 గజాల దగ్గర ఒక్కో క్లిక్కుకి పావు అంగుళం అని, గురి సర్దడానికి తిప్పే తమరి టరెట్ మీదే రాసి ఉంది. నేను 50 గజాల దగ్గర కాలుస్తున్నాను, అంటే అందులో సగం. తూటా రంధ్రాల గుంపు రెండు అంగుళాలు కిందికి పడింది, 16 క్లిక్కులు పైకి తిప్పాను. కదల్లేదు. గాలి అనుకున్నా. ఇంకో 8 తిప్పాను. ఊహూఁ. నా ఊపిరి అనుకున్నా, ట్రిగ్గర్ లాగడం అనుకున్నా, తూటాల బ్రాండ్ కూడా మార్చాను. నాలుగు తూటాల తర్వాత, అడగని పాత బాకీ తీర్చినట్టు, మొత్తం 24 క్లిక్కులూ ఒకేసారి కక్కారు. రెండు అంగుళాలు కింద పడేది కాస్తా ఒక అంగుళం పైకి పోయింది.

పక్క బెంచీ పెద్దాయన నవ్వి చెప్పాడు. పైకి తిప్పితే టరెట్ మర వెనక్కి జరుగుతుందట, లోపలి గొట్టాన్ని దాని వెంట నెట్టాల్సింది స్ప్రింగేనట. ఆ స్ప్రింగు నీరసంగా ఉంటే గొట్టం ఉన్నచోటే కునుకు తీస్తుంది, రైఫిల్ అదురుకి ఎప్పుడో ఉలిక్కిపడి లేస్తుంది. "తిప్పాక టరెట్‌ని వేలితో తట్టు" అన్నాడు. తట్టాను కూడా. మొండి గేదెని తోలినట్టు, ప్రతి తూటాకి ముందు టకటకా తట్టుకుంటూ కూర్చున్నాను, చుట్టూ జనం చూస్తుండగా!

ఆఖరికి 20 పైకి, 20 కుడికి, 20 కిందికి, 20 ఎడమకి తిప్పి, ప్రతి మలుపులో కాల్చి చూశాను. చతురస్రం రావాలి, చివరి గుంపు మొదటి గుంపు మీదే పడాలి. నువ్వు గీసింది గాలిపటం, అదీ తోకతో సహా! ఇక నీకు గారూ లేదు, తమరూ లేదు. పైన పటారం, లోన లొటారం. నీ లోపలి స్ప్రింగు మీద పెట్టాల్సిన డబ్బంతా నీ ముందు గాజు మీదా, ఆ లైట్ల మీదా తగలేశారు. నీ దగ్గర నేను మిగుల్చుకున్నాననుకున్న డబ్బేమో తూటాల్లో పోయింది, రెండు బ్రాండ్లలో. పెట్టె మీద షాక్‌ప్రూఫ్ అని రాశారు, నిజమే, ఎంత అదిరినా నీకు చలనం లేదు. ఆ 3-9 కొనుంటే ఈపాటికి జీరో చేసుకుని (గురి పెట్టినచోటే తూటా పడేలా సర్దుకుని) హాయిగా కాల్చుకుంటూ ఉండేవాణ్ణి కదరా.

రాత్రి నిన్ను ఊడదీసి బల్ల మీద పెట్టాను. రేపటి నుంచి రైఫిల్‌తో వచ్చిన ఐరన్ సైట్లే, గాజుల్లేని మామూలు గురే. నిన్ను అమ్ముదామంటే ఎవరికి అంటగట్టను, కొన్నవాడు కూడా ఇలాగే ఒక ఉత్తరం రాస్తాడు, ఈసారి నాకు.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి, నీ క్లిక్కు చప్పుడు చాలా బాగుంటుంది. ఇది రాస్తూ కూడా ఒక చేత్తో తిప్పుతూనే ఉన్నాను.