లాబీలో కళ, వీధిలో మైదా జిగురు

ఫ్లైఓవర్ పిల్లర్ మీద పక్షి బొమ్మ. దాని కంటి మీద పైల్స్ చికిత్స పోస్టర్, దాని మీద గర్ల్స్ హాస్టల్ పోస్టర్, అన్నిటి మీద నాయకుడి పుట్టినరోజు శుభాకాంక్షలు. హైదరాబాద్‌లో ఇది ఎక్కడని చెప్పక్కర్లేదు, రోజూ చూస్తున్నదే. పోస్టర్ పీకేస్తే సరిపోదా అంటారు. ఉడకబెట్టిన మైదా జిగురు అది, కాగితంతో పాటు పక్షి రెక్క కూడా పెచ్చులుగా ఊడి వస్తుంది.

ఇదే నగరంలో బంజారాహిల్స్ పార్క్ హయత్ హోటల్ లాబీలో అమెరికన్ ఆర్కిటెక్ట్ జాన్ పోర్ట్‌మన్ చేసిన 35 అడుగుల తెల్లటి శిల్పం ఉంది. అదేంటో ఒక్క ముక్కలో చెప్పలేం, చుట్టూ తిరిగి చూడాల్సిందే. దాని మీద ఎవరైనా చిన్న స్టిక్కరైనా అంటిస్తారా? అంటించరు. అక్కడ కాఫీ తాగి శిల్పం ముందు ఫొటో దిగే పెద్దమనుషులే బయటికొచ్చి పిల్లర్ మీద తమ ఫ్లెక్సీ కట్టిస్తారు. మాకు కోపం హోటల్ మీద కాదు, ఈ రెండు నాల్కల ధోరణి మీద.

రోడ్ల మీద గుంతలు పూడ్చకుండా బొమ్మలేంటని కొందరంటారు. గుంతలు పూడ్చాల్సిందే, కాదనం. కానీ బొమ్మలు చెరిపినంత మాత్రాన ఒక్క గుంతైనా పూడిందా?

2016లో వీధి గోడల మీద బొమ్మలు వేయించే స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ అనే సంస్థ రాజ్‌భవన్ దగ్గరి ఎం.ఎస్. మక్తా బస్తీలో ఇళ్ల గోడల మీదే బొమ్మలు వేయించింది. వాటికి టికెట్ లేదు, గేటు దగ్గర ఆపే సెక్యూరిటీ లేడు, బడికెళ్లే పాప బ్యాగు సర్దుకుంటూ ఆగి చూసి నవ్వుకోవచ్చు. ట్యాంక్‌బండ్ మీద మహనీయుల విగ్రహాలకు దండం పెట్టుకుంటాం, మంచిదే, కానీ పిల్లలు కాసేపు నవ్వుకోవడానికి మన వీధుల్లో ఏముంది? ఆ సరదా డబ్బున్నవాళ్ల లాబీలకే పరిమితం కావాలా?

అధికారులదీ ఇదే తీరు. 2017 నవంబరులో అమెరికా అధ్యక్షుడు ట్రంప్ కూతురు ఇవాంకా వస్తున్నారంటే రాత్రికి రాత్రి గోడలకు రంగులేశారు. అతిథి కోసం రంగు, మన కోసం పోస్టరా? గోడలు, బహిరంగ ప్రదేశాలు పాడుచేయకుండా ఉమ్మడి రాష్ట్రంలో 1997లోనే చట్టం తెచ్చారు. పోస్టర్ మీద ఫోన్ నంబరు ఉంటుంది, ఫ్లెక్సీ మీద ఫొటో, పేరు, పదవి అన్నీ ఉంటాయి. పట్టుకోవడానికి ఇంకేం ఆధారం కావాలి?

కళాభిమానులమని సభల్లో చెప్పుకుని శాలువాలు కప్పించుకునే నాయకులారా, ఉపన్యాసాలు తర్వాత, ముందు ఆ పక్షి కంటి మీద నుంచి మీ ముఖం తీయించండి.