టెంపరేచర్ ముల్లు గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ టెంపరేచర్ ముల్లు గారి సముఖమునకు,

తమరు క్షేమమేనా అని వేరే అడగక్కర్లేదు. నా కారు డాష్‌లో ఇంజన్ వేడి చూపించే చోట, సి (చల్లన), హెచ్ (వేడి) అనే రెండు అక్షరాల మధ్య, సరిగ్గా నట్టనడుమ, నిమ్మకు నీరెత్తినట్టు నిలబడి ఉన్నారని తాళం తిప్పగానే తెలుస్తూనే ఉంది. నేను మాత్రం క్షేమంగా లేను. నా కుడి మోకాలు కమిలింది, హెల్మెట్ లోపలి స్పాంజి పిండితే ఇంకా చెమట కారుతోంది, కారు నిన్న ట్రాక్ నుంచి ఇంటికి లారీ ఎక్కి వచ్చింది.

నిన్న ఎండ ఎలా ఉందో తమరికి తెలిసే అవకాశం లేదు కాబట్టి చెప్తున్నా. నీడలో 41. ట్రాక్ మీద తారు 60 దాటింది, అది నేను వేడి కొలిచే గన్ పెట్టి కొలిచాను. టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడు లెక్క ప్రకారం తగ్గించి పెట్టినా రెండు ల్యాపులకే ఉబ్బిపోయింది. అందరూ బానెట్లు తెరిచి, గొడుగులు కారుకి పట్టి, తాము ఎండలో నిలబడ్డారు. అలాంటి రోజున ఇంజన్‌లోకి గాలిని కుక్కే కొత్త టర్బో, దానికి తగ్గ కొత్త ట్యూన్, ముందర బంపర్ వెనక ఆ గాలిని చల్లబరిచే కొత్త ఇంటర్‌కూలర్ పెట్టుకుని నేను టెస్టింగ్‌కి దిగాను. బుద్ధి ఉందా అని అడిగే హక్కు నా పక్కింటాయనకి ఉంది, ఇంట్లోవాళ్ళకి ఉంది. తమరికి లేదు.

రెండో ల్యాప్‌కే కారు నీరసపడింది. గాలి 10 డిగ్రీలు వేడెక్కితే సుమారు 3 శాతం పలచబడుతుంది, అంటే ఇంజన్‌కి ఊపిరి తగ్గుతుంది. పైగా వేడి గాలితో నాక్ (పెట్రోలు అదుపు తప్పి పేలడం) వస్తుందేమోనని ఈసీయూ, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటరు, స్పార్క్ కొట్టే ఇగ్నిషన్ టైమింగ్‌ని ఆలస్యం చేసేస్తుంది. మొత్తానికి ఆర్నెల్లు కష్టపడి కట్టుకున్న హార్స్‌పవర్ గుర్రాలు ఎండకి తాళలేక ఒక్కొక్కటీ కట్టు తెంచుకుని వెళ్ళిపోయాయి. ఈసీయూకి తెలిసింది. బెల్టులో బిగుసుకున్న నా వీపుకి కూడా తెలిసింది. ఆ సమయంలో తమరు ఎక్కడున్నారు? నడుమ.

మూడో ల్యాప్‌లో తమరు ఎక్కడున్నారు? నడుమ.

నా దగ్గర ఇంకో సాక్షి ఉంది. స్టీరింగ్ కింద ఓబీడీ పోర్టులో (మెకానిక్‌లు కారు కంప్యూటర్ని చదివే సాకెట్టులో) గుచ్చిన అగ్గిపెట్టంత డాంగిల్, అది చెప్పింది చూపించడానికి అద్దానికి అతికించిన ఫోను. ఇంజన్ కూలెంట్, అంటే ఇంజన్‌ని చల్లబరిచే నీళ్ళు, ఎన్ని డిగ్రీల వేడిలో ఉందో ఈసీయూ దగ్గరున్న అసలు అంకెను అది ఉన్నదున్నట్టు చూపిస్తుంది. 98 అంది. 104 అంది. పొడుగు స్ట్రెయిట్ చివర బ్రేకు కొడుతూ ఓరగా చూస్తే 109. మళ్ళీ చూస్తే 112. ఆ తర్వాత స్క్రీన్ నల్లబడి, ఫోను వేడెక్కింది, చల్లబడనివ్వండి అని రాసుకుని పడుకుంది. తమరికంటే ఆ ఫోను నయం కదండీ. తనకి వేడి చేసిందని నోరు తెరిచి చెప్పి మరీ పడిపోయింది.

ఇద్దరు సాక్షులు రెండు మాటలు చెప్తే నేను ఎవర్ని నమ్మాను? కంపెనీ బిగించి పంపింది కదా, పుట్టినప్పటి నుంచీ డాష్‌లోనే ఉంది కదా, మొన్న కొన్న డాంగిల్‌కేం తెలుసులే అనుకుని తమర్ని నమ్మాను. ఇదే నాకు మింగుడు పడటం లేదు. రాత్రి కూడా ఇదే తల్చుకుని నిద్ర పట్టలేదు. ఇంజన్ పోతే పోయింది, ఇంకోటి కట్టుకోవచ్చు. నేను తమర్ని చూసి నిశ్చింతగా గేరు మార్చి నాలుగో ల్యాప్‌కి వెళ్ళానే, అది.

తర్వాత కూర్చుని చదువుకుంటే తమరి గుట్టు తెలిసింది. వేడి పెరిగేకొద్దీ ముల్లు కదిలితే కొన్నవాళ్ళకి టెన్షన్, ట్రాఫిక్‌లో కాస్త పైకి, హైవే మీద కాస్త కిందికి అయితే చాలు సర్వీసింగ్‌కి పరిగెత్తుకొచ్చి ఏదో అయిపోయిందని గొడవట. అందుకని కార్లు చేసేవాళ్ళే చాలా కార్లలో తమర్ని కదలకుండా చేశారు. నా కారులో 75 నుంచి 115 దాకా ఎంతున్నా తమరు నడుమే. 40 డిగ్రీల తేడా తమరికి ఒకటే! కొన్ని కార్లలో అయితే ముల్లే లేదు, చల్లగా ఉంటే నీలం లైటు, మరిగిపోతే ఎర్ర లైటు, మధ్యలో మౌనం. వాటికి కనీసం సిగ్గుంది, తెలియనప్పుడు తెలిసినట్టు నటించవు.

నాలుగో ల్యాప్, రెండో మలుపు. తమరు కదిలారు. పైకి మెల్లగా జరగడం, కాస్త గొంతు సవరించుకోవడం ఏమీ లేదు, నడుము నుంచి ఎర్ర గీత మీదకి ఒక్క దూకు. కారు తనని తాను కాపాడుకోవడానికి శక్తి తగ్గించుకుని కుంటే లింప్ మోడ్‌లోకి పోయింది, వెనకనుంచి వచ్చేవాళ్ళంతా ఎడాపెడా దూసుకుపోతున్నారు, నేను చెయ్యి ఊపుతూ గీత పక్కనే పాకుతున్నాను. ఇల్లు కాలాక బావి తవ్వేవాణ్ణి చూశాను గానీ, ఇల్లు కాలాక వచ్చి "ఇల్లు కాలుతోందండీ" అని చెప్పేవాణ్ణి నిన్నే చూశాను.

ఇక గారు, తమరు నా వల్ల కాదు. ఒరేయ్ ముల్లూ, నీవల్ల నేనేం చేశానో తెలుసా? 41 డిగ్రీల ఎండలో హీటర్ వేశాను. ఫుల్లుగా. అదీ ఒక చిన్న రేడియేటరే, ఇంజన్ వేడి కొంత లాగి లోపలికి కక్కుతుంది, వేరే దారి లేదు. బరువు తగ్గిద్దామని ఏసీ మొత్తం పీకి పారేశాను. హీటర్ కూడా పీకేద్దామనుకుని బద్ధకించాను, ఆ బద్ధకమే నిన్న ఇంజన్‌ని కాపాడింది. కాళ్ళ దగ్గర వెంట్‌లోంచి ముందు ఏళ్ళనాటి దుమ్ము వచ్చింది, తర్వాత ఒక ఎండుటాకు ఎగిరొచ్చి హెల్మెట్ అద్దానికి అతుక్కుంది, ఆ తర్వాత కొలిమి గాలి నేరుగా మోకాలికి. కనుబొమ్మ మీంచి చెమట కంట్లోకి దిగుతోంది, గ్లవ్స్‌తో హెల్మెట్‌లోకి వేలు పోదు, ఒక కన్ను మూసుకుని, ట్రాక్ పక్కన కార్లు ఆగే దారి, పిట్ లేన్ దాకా వచ్చాను. అక్కడ జెండా పట్టుకున్న కుర్రాడు నా కారు వెనక పొగ చూసి, నా మొహం చూసి, ముందు నాకు నీళ్ళు ఇచ్చాడు.

న్యాయంగా మాట్లాడాలంటే నా తప్పూ ఉంది. ఇంటర్‌కూలర్‌ని రేడియేటర్‌కి అడ్డంగా కట్టింది నేనే, అంటే దాని ఎంగిలి గాలే రేడియేటర్‌కి అందుతుంది. టర్బో కుక్కే గాలి ఒత్తిడి, అదే బూస్ట్, పెంచితే వేడీ పెరుగుతుందని తెలిసి, చుట్టూ ఉన్న సందులు ఫోమ్‌తో మూద్దాంలే, వచ్చే వారం అనుకున్నది కూడా నేనే. సందు దొరికితే గాలి రేడియేటర్‌లోంచి ఎందుకు దూరుతుంది, పక్కనుంచి పోతుంది. బ్రేక్ పెడల్ మెత్తబడిన సంగతి ఇంకో ఉత్తరంలో రాస్తాను, అది పాత బ్రేక్ ఫ్లూయిడ్ వల్ల. మార్చకుండా ఏడాది నడిపాను, అది ఆ ఏడాదంతా తేమ పీల్చుకుంటూనే ఉంది. దాని తప్పు లేదు.

కానీ నువ్వు! ప్యాడాక్‌లో, అంటే కార్లు నిలిపే ఆవరణలో, ఆపి బానెట్ తెరిచాను. రేడియేటర్ మూత ముట్టుకోలేదు, అంత తెలివి ఇంకా మిగిలుంది. ప్రెషర్ ఉన్నంతసేపు 120 దాటినా మరక్కుండా ఓర్చుకునే కూలెంట్, పాత హోస్ పైపు నోరు తెరవగానే ఒక్కసారి బుస్సుమని ఆవిరైపోయింది. మిగిలింది కారు కింద పచ్చగా మడుగు కట్టింది. ఆవిరి తగ్గాక అరగంట ఆగి తాళం తిప్పి చూస్తే నువ్వు మళ్ళీ నడుమ నిలబడ్డావు. సెన్సార్ మునగడానికి నీళ్ళే లేవు, ఉత్త గాలిని కొలిచి అంతా బాగుందని చెప్తున్నావు. ఇంజన్లో చుక్క లేదురా నాయనా! కింద నా చెప్పులు కూలెంట్‌లో తడిశాయి, పైన నువ్వు ఆల్ ఈజ్ వెల్.

అప్పుడు నవ్వొచ్చింది, నిజం చెప్తున్నాను. హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని కాసేపు నిన్నే చూస్తూ నవ్వాను.

కొత్త హోస్ వేశాను. సందులన్నీ ఫోమ్‌తో మూశాను. నిజం చెప్పే డిజిటల్ గేజ్ ఒకటి నీ పక్కనే బిగిస్తున్నాను, 105 దాటితే అరుస్తుంది. నిన్ను పీకేద్దామనే అనుకున్నాను, పీకితే డాష్‌లో బొక్క పడుతుంది. అందుకని నీ మీద నల్ల టేపు అంటించాను. దాని వెనకాల ఎక్కడుంటావో నాకు తెలుసులే.

ఇట్లు,
మోకాలికి మందు రాసుకుంటూ,
నీ ఓనరు