పది నిమిషాల్లో ఏ దేశానికైనా ఈటీఏ వస్తుందన్నది అబద్ధం

కడప, రాజంపేట, రాయచోటి వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. ఈటీఏ అంటే ప్రయాణానికి ముందు ఆన్‌లైన్‌లో తీసుకునే అనుమతి. ఆ మెసేజ్‌లో ఉన్నది ఇదీ: "ఇక వీసా కోసం తిరగాల్సిన పని లేదు. ఇండియా పాస్‌పోర్టు ఉంటే చాలు. అమెరికా, లండన్, కెనడా, థాయిలాండ్, మలేషియా, గల్ఫ్ ఎక్కడికైనా పది నిమిషాల్లో ఫోన్‌లోనే ఈటీఏ వస్తుంది. మనిషికి ఐదు వేలు. పేరులో చిన్న తప్పులుంటే ఎయిర్‌పోర్టులో సరిచేస్తారు. ఈటీఏ ఉంటే లోపలికి పంపడం గ్యారంటీ. పోయినాక పని కూడా చూసుకోవచ్చు." చదువుకున్నవాళ్లు కూడా దీన్ని ఫార్వర్డ్ చేస్తున్నారు. దీన్ని నమ్మితే డబ్బు పోతుంది. చివరి మాటను నమ్మితే మనిషే పోవచ్చు.

మొదట అమెరికా, లండన్, కెనడా సంగతి. ఆ దేశాలకు ఎలక్ట్రానిక్ అనుమతులు ఉన్నమాట నిజమే. అమెరికాలో దాన్ని ఎస్టా అంటారు, బ్రిటన్‌లోనూ కెనడాలోనూ ఈటీఏ అంటారు. కానీ వీసా అక్కర్లేదని ఆ దేశాలు ఒప్పుకున్న పాస్‌పోర్టులకే అవి ఇస్తారు. ఆ జాబితాల్లో ఇండియా లేదు. కొడుకు దగ్గర పది రోజులు ఉండి రావాలన్నా మనకు వీసానే కావాలి. ఫారం నింపాలి, వేలిముద్రలు ఇవ్వాలి, అమెరికాకైతే మామూలుగా కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ కూడా ఉంటుంది. అమెరికాలో పుట్టి అక్కడి పాస్‌పోర్టు ఉన్న మనవడు లండన్ చూడ్డానికి పోతే ఈటీఏ సరిపోతుంది. వాడి వెంట పోయే తాతకు సరిపోదు. "మా చుట్టాలకు వచ్చింది కదా" అనేవాళ్లు ముందు ఆ చుట్టాలది ఏ దేశం పాస్‌పోర్టో అడగండి.

థాయిలాండ్, మలేషియా విషయంలో మెసేజ్ సగం నిజం. మలేషియా 2023 డిసెంబరు 1 నుంచి మనవాళ్లను 30 రోజుల వరకు వీసా లేకుండా రానిస్తోంది. థాయిలాండ్ 2024 జూలై 15 నుంచి 60 రోజులకు ఇచ్చింది. ఇలాంటి సడలింపులు మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనేముందు ఆ దేశపు అధికారిక సైట్‌లో చూసుకోవాలి. వీసా లేదంటే ఏమీ అక్కర్లేదని కాదు. మలేషియాకు డిజిటల్ అరైవల్ కార్డు, అంటే దిగేముందు ఆన్‌లైన్‌లో మన వివరాలిచ్చే ఫారం, నింపాలి. థాయిలాండ్‌కు 2025 మే 1 నుంచి అలాంటిదే తప్పనిసరి చేశారు. రెండూ దిగే రోజుకు ముందు మూడు రోజుల్లోపు నింపాలి. రెండూ ఉచితం. ఉచితమైనదానికి మనిషికి ఐదు వేలు తీసుకోవడం మోసమే. సింగపూర్ అరైవల్ కార్డు కూడా ఉచితమే, అయితే అక్కడికి మనకు వీసా వేరుగా కావాలి. ఈటీఏ అనే పేరుతోనే మనకు నిజంగా వర్తించేవాటిలో శ్రీలంకది ఒకటి.

గూగుల్‌లో వెతికితే పైన ప్రకటనలుగా వచ్చే సైట్లు చాలావరకు మధ్యవర్తులవి. చిరునామా చివర చూడండి. థాయిలాండ్ ప్రభుత్వానిదైతే గో డాట్ టీహెచ్, మలేషియాదైతే గవ్ డాట్ ఎంవై, శ్రీలంకదైతే గవ్ డాట్ ఎల్‌కే అని ఉంటుంది.

ఇక పేరులో తప్పులు. బెంగళూరులోనో చెన్నైలోనో చెక్-ఇన్ కౌంటరు దగ్గరే విమానం కంపెనీవాళ్లు కాగితాలు చూస్తారు. సరైన కాగితాలు లేని మనిషిని ఎక్కించుకుంటే జరిమానా వాళ్లకే పడుతుంది, అందుకే తేడా కనిపిస్తే ఆపేస్తారు. మన దగ్గర ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, ఒక్క పేరే ఉన్న పాస్‌పోర్టులు చాలా ఉన్నాయి. అలాంటి పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వచ్చేవాళ్లకు దుబాయ్ ఉన్న యూఏఈ 2022 నవంబరులో అభ్యంతరం పెట్టింది. కాబట్టి పాస్‌పోర్టులో ఎలా ఉంటే ఫారంలో అలాగే రాయాలి, పెద్దవాళ్ల ఫారాలను పక్కన ఎవరైనా కూర్చుని సరిచూడాలి. పాస్‌పోర్టు నంబరులో మొదటిది అక్షరం, తర్వాత ఏడూ అంకెలు. సున్నాకు బదులు ఓ అక్షరం కొట్టడం అందరూ చేసే పొరపాటు.

గ్యారంటీ అన్నది ఎక్కడా లేదు. అనుమతి విమానం ఎక్కడానికి పనికొస్తుంది, లోపలికి పంపాలా వద్దా అనేది దిగినచోట ఇమ్మిగ్రేషన్ అధికారి ఇష్టం. తిరుగు టికెట్, హోటల్ బుకింగ్, ఖర్చులకు డబ్బు చూపమంటే చూపాలి.

"పోయినాక పని చూసుకోవచ్చు" అన్న మాట మన ప్రాంతంలో అన్నిటికంటే ప్రమాదం. కువైట్‌కు, సౌదీకి పోయిన మనిషి లేని వీధి ఇక్కడ తక్కువ. పదో తరగతి పాసవ్వని వాళ్లకు మామూలుగా ఈసీఆర్ పాస్‌పోర్టు, అంటే కొన్ని దేశాలకు పనికి పోయేముందు ప్రభుత్వ క్లియరెన్స్ కావాలని ముద్ర ఉన్నది, వస్తుంది. వాళ్లు గల్ఫ్ దేశాలకు గానీ, మలేషియా, థాయిలాండ్‌లకు గానీ పనికి పోవాలంటే ఈ-మైగ్రేట్ అనే కేంద్ర ప్రభుత్వ సైట్‌లో ఆ క్లియరెన్స్ తీసుకోవాలి. అప్పుడే యజమాని ఎవరో, జీతమెంతో ప్రభుత్వం దగ్గర నమోదవుతుంది. రెండేళ్లకు 275 రూపాయల ప్రీమియంతో పది లక్షల ప్రవాసీ భారతీయ బీమా కూడా ఉంటుంది. విజిట్ అనుమతి మీద పోయినవాళ్లకు ఇవేవీ ఉండవు. అకామా (అక్కడ ఉండి పనిచేయడానికి ఇచ్చే గుర్తింపు కార్డు) రాదు, జీతం ఎగ్గొడితే ఫిర్యాదు చేయడానికి కూడా భయం, దొరికితే జరిమానా, జైలు.

ఇది ఊహించి చెప్పడం లేదు. ఉద్యోగమని నమ్మించి థాయిలాండ్ దాకా తీసుకుపోయి, అక్కడినుంచి మయన్మార్ సరిహద్దు దాటించి సైబర్ మోసాల కేంద్రాల్లో పెట్టిన మనవాళ్లను 2025 మార్చిలో వాయుసేన విమానాల్లో వెనక్కి తెచ్చారు. రెండు రోజుల్లో 549 మంది. అందులో తెలుగువాళ్లూ ఉన్నారు.

ఆ మెసేజ్‌లోని నంబరుకు ఇప్పటికే డబ్బు కట్టినవాళ్లు సిగ్గుపడి ఊరుకోవద్దు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేసి చెప్పండి. ఎంత తొందరగా చెబితే ఆ డబ్బును ఖాతాలో ఆపడానికి అంత అవకాశం ఉంటుంది.