సవరణ: కారు స్టీరియో సెట్టింగ్స్ పోతుంటే పసుపు, ఎర్ర వైర్ల సంగతి

బండి ఆపిన ప్రతిసారీ గడియారం, రేడియో స్టేషన్లు పోతుంటే పసుపు, ఎర్ర వైర్లు అటూ ఇటూ మార్చి చూడమని ఇంతకుముందు రాశాను కదా, దానికి ఇది చేర్చుకోండి. బయట కొని పెట్టించే స్టీరియోల్లో మామూలుగా పసుపుకి ఎప్పుడూ 12 వోల్టులు రావాలి, మెమరీ నిలిచేది దానివల్లే, ఎర్రదానికి తాళం తిప్పాకే కరెంటు రావాలి. కానీ కారు వైపు నుంచి వచ్చే వైర్లకి ఈ రంగులే ఉంటాయని లేదు, అందుకే రంగు నమ్మి కలపొద్దు, తాళం తీసేసి మల్టీమీటర్‌తో (వోల్టులు కొలిచే మీటరు) కొలవండి, అప్పుడు కూడా 12 చూపించేదే పసుపుకి ఇవ్వాలి. ఏ వైర్‌లోనూ రాకపోతే ముందు ఫ్యూజు చూడండి, చాలామంది అది వదిలేసి సెట్టే పోయిందనుకుంటారు. వైర్లు ముట్టుకునే ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయడం మాత్రం దయచేసి మానొద్దు, కొలిచేటప్పుడు మాత్రమే తగిలించుకోండి.

స్టీరియోలో దారి చూపించే నావిగేషన్ (జీపీఎస్) యాంటెన్నా గురించి అప్పుడు నేను చెప్పింది అలాగే ఉంచండి, రేకు కింద పెట్టకుండా ఆకాశం కనబడేచోట పెట్టాలి.