చప్పట్లు సరే, గది ఏది?

స్కూల్ ఫంక్షన్‌లో పిల్లలు పాడుతుంటే ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టేవాళ్లలో ఎంతమందికి తెలుసో గానీ, ఆ పాట నేర్పిన మ్యూజిక్ టీచర్‌కి చాలా స్కూళ్లలో సొంత గదే ఉండదు, కీబోర్డు చంకన పెట్టుకుని క్లాసు క్లాసుకీ తిరగాల్సిందే. 40 నిమిషాల పీరియడ్‌లో ప్లగ్ పాయింట్ ఎక్కడుందో వెతికి, వైరు తగిలించి, ముందు పీరియడ్ వాళ్లు బోర్డు మీద వదిలేసిన లెక్కలు తుడిచేసరికి పావుగంట హారతి కర్పూరం. పరీక్షలు దగ్గరపడ్డాయంటే అది కూడా దక్కదు, సిలబస్ అవ్వలేదని అందరికంటే ముందు లాక్కునేది మ్యూజిక్ పీరియడ్‌నే.

ఈ టీచర్ల తరఫున మాట్లాడేవాళ్లు లేకపోలేదు, కానీ వాళ్లు ఎత్తుకునే వాదనతోనే మాకు పేచీ. సంగీతం నేర్చుకుంటే తెలివి పెరుగుతుంది, లెక్కలు బాగా వస్తాయి అంటారు. ఈ మాటకి ఇంత ప్రచారం రావడానికి పెద్ద కారణం 1993లో నేచర్ అనే సైన్స్ పత్రికలో వచ్చిన ఒక చిన్న పరిశోధన పేపర్. 36 మంది కాలేజీ స్టూడెంట్లకి 10 నిమిషాలు మొజార్ట్ అనే పాశ్చాత్య స్వరకర్త సంగీతం వినిపించారు, ఆకారాలని మనసులో ఊహించుకుని చేసే ఒక టెస్టులో స్కోరు పెరిగింది, అదీ ఓ 10, 15 నిమిషాలు, తర్వాత మామూలే. అందులో చిన్నపిల్లలూ లేరు, నేర్చుకోవడమూ లేదు, ఊరికే వినడం. దాన్ని పట్టుకుని 1998లో అమెరికాలో జార్జియా గవర్నర్ పుట్టిన ప్రతి బిడ్డకీ ఓ సంగీతం రికార్డింగ్ ఇద్దామని బడ్జెట్‌లో డబ్బు అడిగాడు. రికార్డింగులకి అడిగాడండీ, టీచర్లకి కాదు! సంగీతం ఉన్నది లెక్కల కోసమే అయితే, దాని బదులు ఇంకో లెక్కల పీరియడ్ వేస్తే పోలా అని హెడ్మాస్టర్ అడిగితే మన దగ్గర జవాబేముంది?

జవాబు సంగీతంలోనే వెతుక్కోవాలి. 30 మంది ఒకేసారి ఊపిరి తీసుకుని ఒకేసారి అందుకోవడం, పక్కవాడి గొంతు వింటూ మన గొంతు తగ్గించుకోవడం, ఇవి ఇంకే పీరియడ్‌లో నేర్పుతున్నారు? 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 31వ ఆర్టికల్ పిల్లలకి కళల్లో పాల్గొనే హక్కు ఉందనే చెప్పింది, మార్కులు పెరిగితేనే అని షరతు పెట్టలేదు.

ఇక వనరుల సంగతి. 20 గిటార్లు కొనిచ్చాం కదా అంటారు. 20 గిటార్లంటే 120 తీగలు, ఒక్కో తీగ శ్రుతి చేయడానికి అర నిమిషం వేసుకున్నా గంట, పీరియడేమో 40 నిమిషాలు. తెగిన తీగలకి, కీబోర్డులో పనిచేయని కీకి, శ్రుతి సరిచూసే ట్యూనర్లకి ఏటా కొంత డబ్బు పక్కన పెట్టరు కాబట్టి రెండేళ్లలో సగం గిటార్లు బీరువా ఎక్కుతాయి, లేదంటే టీచరే చేతి చమురు వదిలించుకుంటారు. ఈ వెట్టి ఇవాళ్టిది కాదు లెండి. 1837లో అమెరికాలోని బోస్టన్‌లో లొవెల్ మేసన్ అనే సంగీతం మాస్టారు జీతం లేకుండా స్కూలు పిల్లలకి పాట నేర్పి చూపిస్తే గానీ 1838లో అక్కడి స్కూల్ బోర్డు సంగీతాన్ని సబ్జెక్టుగా ఒప్పుకోలేదు. ఆయన గెలిచాడు, సంతోషమే, కానీ మ్యూజిక్ టీచర్ అంటే ఇష్టంతో ఊరికే చేసేస్తారులే అన్న ఆలోచన ఇప్పటికీ వదల్లేదు.

తక్కువ ఖర్చుతో చేయొచ్చా అంటే చేయొచ్చు. హంగరీలో కొడాయ్ అనే స్వరకర్త అందరి దగ్గరా ఉండే వాయిద్యం గొంతే కదా అని పాటతోనే మొదలుపెట్టాడు, 1950లో అక్కడి కెచ్కెమెట్ ఊళ్లో రోజూ సంగీతం క్లాసు ఉండే ప్రైమరీ స్కూలు కూడా వచ్చింది. జర్మన్ స్వరకర్త కార్ల్ ఓర్ఫ్ పద్ధతిలో వాడే జైలోఫోన్‌కి (చెక్క పలకల్ని పుల్లలతో కొట్టి వాయించేది) ఆ పలకలు, అంటే బార్లు, ఊడొస్తాయి, అక్కర్లేని స్వరాలు తీసి పక్కన పెట్టేస్తే పిల్లాడు ఎక్కడ కొట్టినా అపస్వరం రాదు, మాకైతే భలే నచ్చిన ఐడియా. కాపీరైట్ తీరిపోయిన స్వరలిపులు 2006 నుంచి ఐఎంఎస్‌ఎల్‌పీ అనే వెబ్‌సైట్‌లో ఫ్రీగా దొరుకుతున్నాయి, స్వరలిపి రాసుకునే మ్యూజ్‌స్కోర్ సాఫ్ట్‌వేర్ కూడా ఫ్రీనే. అయితే కొడాయ్ దారిలో వెళ్లాలంటే ముందు రోజూ పీరియడ్ ఉండాలి కదా, అది ఏ వెబ్‌సైట్‌లోనూ డౌన్‌లోడ్ అవ్వదు. రోజుకి ఆరు పీరియడ్లు పాడి పాడి సాయంత్రానికి బొంగురుపోయే గొంతుకి ఒక చిన్న మైకు కూడా ఫ్రీగా రాదు. స్కూలు మొత్తానికి ఆ సబ్జెక్టు టీచర్ ఒక్కరే కాబట్టి సందేహం వస్తే అడగడానికి స్టాఫ్ రూమ్‌లో ఇంకో మనిషి ఉండరు, ఆ లోటు గురించి మాట్లాడేవాళ్లే లేరు.

అందుకే మ్యూజిక్ టీచర్లకి మా సలహా, మేనేజ్‌మెంట్ వాళ్లని, పేరెంట్స్‌ని ఫంక్షన్‌కి పిలిచింది చాలు. ఈసారి మామూలు మంగళవారం మూడో పీరియడ్‌కి పిలవండి. కుర్చీ వేసి కూర్చోబెట్టండి, ప్లగ్ పాయింట్ వెతకడం దగ్గర్నుంచి చూడనివ్వండి.