అభినందనలు, మీ డబ్బు మీకే వచ్చింది

నెల తిరిగేసరికి విశ్రాంత ఉద్యోగుల ఫోన్లలో ఒక శుభవార్త మోగుతుంది. "అభినందనలు! మీ బ్యాలెన్స్‌డ్ మ్యూచువల్ ఫండు ఈ నెల యూనిట్‌కు 40 పైసల డివిడెండు ప్రకటించింది." చివర ఒక పూలగుత్తి బొమ్మ. డివిడెండు సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ అభినందనలు దేనికో నాకు తెలియాలి. పరీక్ష గట్టెక్కితే అభినందిస్తారు, మనవడు పుడితే అభినందిస్తారు. తన సొమ్ములోంచి తనకే ఎనిమిది వేలు ముట్టినందుకు మనిషిని అభినందించే ఆచారం ఏ పురాణంలోనూ కనపడదు.

లెక్క చూడండి. పది లక్షలు పెట్టారు. యూనిట్ (ఫండులో ఒక వాటా) ధర 50 రూపాయలైతే 20 వేల యూనిట్లు వస్తాయి. 40 పైసల చొప్పున 8,000 రూపాయలు ఖాతాలో పడ్డాయి. మార్కెట్ కదలకుండా ఉంటే అదే రోజు యూనిట్ ధర 49 రూపాయల 60 పైసలకు దిగుతుంది. ఫండులో మిగిలింది 9,92,000. రెండూ కలిపితే పది లక్షలు. ఐదో తరగతిలో వచ్చే ఈ కూడికను మరిచిపోవడానికి ఎంబీఏ దాకా చదవాలి. "లాభాల్లోంచే పంచుతున్నాం కదా" అంటారు. లాభం వస్తే మంచిదే. అదీ మీ యూనిట్లలోదే, ఎవరింటి నుంచో తెచ్చింది కాదు.

ఇదే పని ఒక అల్లుడు చేశాడనుకుందాం. సంక్రాంతికి వచ్చి మామగారి దగ్గర పది లక్షలు పుచ్చుకున్నాడు. మరుసటి నెల ఒకటో తారీఖున ఎనిమిది వేలు పళ్లెంలో పెట్టి తెచ్చి, కాళ్లకు దండం పెట్టాడు. అత్తగారి కళ్లు చెమర్చాయి. "మా అల్లుడు నెలనెలా ఖర్చులకిస్తాడు వదినా, కన్నకొడుకులు కూడా ఇలా చూసుకోరు" అని ప్రహరీ గోడ మీదుగా పక్కింటావిడకు చెప్పింది. పక్కింటాయనకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వాళ్ల అల్లుడు పైసా ఇవ్వడు. తీసుకున్నదీ లేదనుకోండి, కానీ అసూయలో అంత దూరం ఆలోచన పోదు.

సొమ్మును కనిపెట్టుకుని ఉన్నందుకు అల్లుడు ఏటా వందకు రూపాయిన్నరో రెండో తన కష్టం కింద మినహాయించుకుంటాడు. అది పళ్లెంలో కనిపించదు. సంబంధం కుదిర్చిన పెళ్లిళ్ల పేరయ్య, అంటే ఫండు అమ్మిపెట్టినాయన, కూడా ఒక్కసారి తాంబూలం అందుకుని వెళ్లిపోయే రకం కాదు. కాపురం సాగినన్నాళ్లూ ఆయనకు కమీషను అందుతూనే ఉంటుంది. 2018లో ముందస్తు కమీషన్లను మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఆపించాక ఆయన ధ్యాసంతా కాపురం నిలబెట్టడం మీదే. నెలనెలా పళ్లెం వస్తుంటే మామగారు లెక్కలు అడగరని ఆయన అనుభవం. మార్కెట్ దెబ్బతిన్న ఏడాది అల్లుడు నాలుగు వేలే తెచ్చాడు. ఆ పై నెల ఉత్త చేతులతో వచ్చి, "డివిడెండుకు హామీ లేదని శుభలేఖలో చిన్న అక్షరాల్లో వేయించాం కదా మామగారూ" అన్నాడు. మామగారు కళ్లద్దాలు తెచ్చుకుని చూశారు. నిజంగానే ఉంది.

ఇక రికార్డు తేదీ అనే పుణ్యతిథి. ఆ రోజుకు యూనిట్లు ఎవరి పేరున ఉంటే డివిడెండు వాళ్లది. "ఇరవయ్యో తేదీన డివిడెండు సార్, పంతొమ్మిదిలోగా చేరిపోండి." చేరారు. నిన్న పెట్టిన డబ్బులోంచి చిటికెడు ఇవాళ వెనక్కి వచ్చి, వస్తూ వస్తూ 'ఆదాయం' అయిపోయింది. 2020 ఏప్రిల్ నుంచి ఆ ఆదాయం మీ మిగతా ఆదాయంతో కలిసి మీ శ్లాబులోకి వెళుతుంది. ఏడాదికి పది వేలు దాటితే పది శాతం టీడీఎస్ ముందే కోసుకుంటారు. మన డబ్బు మనకు రావడానికి టోల్‌గేటు పెట్టించుకోవడం మామూలు తెలివి కాదు.

అదే ఫండులో గ్రోత్ ఆప్షన్ ఉంటుంది, అందులో డివిడెండు పంచరు, లాభం ఫండులోనే ఉండిపోతుంది. నెలకు ఎనిమిది వేలు కావాలంటే ఆ మేరకు యూనిట్లు అమ్ముకోవచ్చు, ఒకసారి చెప్పిపెడితే అదే జరిగిపోతుంది. ఏడాదికి 96,000. షేర్ల వాటా ఎక్కువున్న ఈ ఫండ్లలో ఏడాది దాటిన యూనిట్ల మీద లాభం 1.25 లక్షల దాకా పన్ను లేదు. ఆ 96,000 మొత్తం లాభమే అనుకున్నా, వేరే అమ్మకాలు లేకపోతే పన్ను సున్నా. ఫండు అమ్మే బ్యాంకు వాళ్ల ఏసీ గదిలో ఈ ముక్క ఎవరైనా చెప్పగా విన్నారా?

'బ్యాలెన్స్‌డ్' సంగతీ అంతే. సెబీ 2017లో చేసిన వర్గీకరణ ప్రకారం, ఈ పేరుతో అమ్ముడైన ఫండ్లలో ఎక్కువభాగం చేరిన తరగతి అగ్రెసివ్ హైబ్రిడ్. అందులో 65 నుంచి 80 శాతం షేర్లే. డివిడెండులో మూలధనం కూడా ఉండొచ్చని ఆప్షన్ పేరులోనే తెలియాలని 2021 ఏప్రిల్ నుంచి మరో నిబంధన. ఫారాల మీద పేరు మారింది. అమ్మేవాళ్ల నోటికి సెబీ నిబంధనలు వర్తించవు.

పాత తరం వాళ్లకు ఇదంతా కొత్త కాదు. 1964లో మొదలైన యూనిట్ 64 అనే మ్యూచువల్ ఫండు పథకం ఏటా డివిడెండు పంచి పంచి ఇంటింటి నమ్మకం సంపాదించింది. లోపలి ఆస్తుల విలువతో పొంతన లేని ధరకు యూనిట్లు అమ్ముతూ, కొంటూ, 2001 జూలైలో ఆరు నెలల పాటు తలుపులు మూసేసింది. డివిడెండు క్రమం తప్పకుండా వస్తోందంటే లోపల అంతా బాగున్నట్టేనని నమ్మినవాళ్లు బయట నిలబడ్డారు.

రిటైరయ్యాక వచ్చే గ్రాట్యుటీ, కమ్యూటేషన్, జీపీఎఫ్ డబ్బు ఖాతాలో పడిన రెండో రోజుకే బ్యాంకు శాఖ నుంచి ఫోను వస్తుంది. ఎలా తెలిసింది? ఖాతా వాళ్ల కళ్లెదుటే ఉంది కాబట్టి. భర్త పోయాక వచ్చిన డబ్బుతో ఎదురుగా కూర్చున్న అరవై రెండేళ్ల ఆవిడ అడిగేవి రెండే మాటలు: నెలనెలా వస్తుందా? అసలు పోదు కదా? మొదటిదానికి "రాకపోవచ్చు", రెండోదానికి "పోవచ్చు" అన్నవి నిజమైన జవాబులు. ఆ జవాబులు తెలిసే "పెన్షన్ లాంటిదే అమ్మా" అంటారు. అమ్మా అని పిలిచి మరీ అంటారు! సంతకం చేయాల్సిన చోట్ల పెన్సిలుతో గుర్తులు పెట్టి, చదవడానికి మాత్రం తీరిక ఇవ్వకుండా కాగితాలు తిప్పేస్తారు. అరవై దాటినవారికి సీనియర్ సిటిజన్ పొదుపు పథకం ఉంది. ప్రభుత్వ హామీ, మూడు నెలలకోసారి వడ్డీ, 30 లక్షల దాకా పెట్టుకోవచ్చు. దాని మీద ఏజెంట్ల కమీషను 2011లోనే రద్దయింది. ఆ పథకం పేరు ఆ గదిలో ఎందుకు వినపడదో ఇంతకన్నా వివరించాలా? సిగ్గుండాలి.

ఆవిడ డివిడెండు తగ్గిందని శాఖకు వెళ్లేసరికి పాత మేనేజరు బదిలీ అయ్యాడు. కొత్తాయన స్టేట్‌మెంటు చూసి నాలుక చప్పరించాడు. "ఇది మీకు ఎవరమ్మా అమ్మింది? ముందు ఇందులోంచి బయటికి రండి. మా దగ్గర కొత్త ఫండు వచ్చింది, యూనిట్ పది రూపాయలే."